సైనిక్ స్కూల్లో సీటొచ్చిన పిల్లల్ని ఇంటి దగ్గర ఎలా తయారు చేయాలి?

ఏటా మామిడిపళ్ల రోజుల్లో మా అరుగు మీదకి నలుగురైదుగురు తల్లిదండ్రులు వస్తుంటారు. ముమ్మిడివరం నుంచి ఒకరు, పాలకొల్లు నుంచి ఒకరు, తణుకు అవతల నుంచి ఇంకొకరు. అందరిదీ ఒకటే ప్రశ్న. "మావాడికి సీటొచ్చిందండీ, ఏం కొనమంటారు?" ఏం కొనాలో స్కూలు వాళ్లు పంపే జాయినింగ్ కాగితంలోనే ఉంటుంది. దానికి నేనెందుకు? పిల్లల్ని హాస్టల్లో ఉంచి, సైన్యంలో అధికారులయ్యేలా తయారు చేసే ఇలాంటి బడిలో ఏడేళ్లు చదివినవాడిగా నేను తిరిగి అడిగేది ఒక్కటే: వాడి పనులు వాడికి వచ్చా?

చేరిన మొదటి రాత్రి నేనూ ఏడ్చాను. అమ్మ గుర్తొచ్చి కాదు, బూటు లేసు ముడి రాక. మా ఊళ్లో బడికి హవాయి చెప్పులతో వెళ్లేవాణ్ణి. ఎప్పుడైనా బూట్లు వేస్తే అమ్మే కట్టేది. తెల్లవారితే పీటీ. పక్క మంచం అబ్బాయి శ్రీకాకుళం వాడు, నా కాలు తన ఒళ్లో పెట్టుకుని కట్టాడు. అలాంటి వాడు అందరికీ దొరకడు కదా, అందుకే ఇది రాస్తున్నాను. పరుగు, డ్రిల్లు, గుంజీలు వాళ్లే నేర్పుతారు. వాళ్లు నేర్పనివి, వచ్చి ఉంటాయని అనుకునేవి కొన్ని ఉంటాయి. అవే ఇంట్లో నేర్పాలి.

ముందు రెండు ముక్కలు, ఇంకా సీటు రానివాళ్లకి

ఆంధ్రలో పాత సైనిక్ స్కూళ్లు రెండు. విజయనగరం దగ్గర కోరుకొండలో ఉన్నది 1962లో మొదలైంది, చిత్తూరు వైపు కలికిరిలోది 2014లో. ప్రవేశం ఆరో తరగతికి, తొమ్మిదో తరగతికి. చేరే ఏడాది మార్చి 31 నాటికి ఆరో తరగతికైతే 10 నుంచి 12 ఏళ్ల మధ్య, తొమ్మిదికైతే 13 నుంచి 15 మధ్య వయసుండాలి. ఆరో తరగతి పరీక్ష 300 మార్కులకి, అందులో సగం, అంటే 150 లెక్కలకే. తొమ్మిదికి 400 మార్కులు, లెక్కలకి 200. 2021-22 నుంచి ఆడపిల్లలకీ సీట్లున్నాయి, కాబట్టి కింద "వాడు" అని రాసినచోటల్లా "అది" అని కూడా చదువుకోండి.

ఇంకో మాట. రాజమండ్రి పక్కన కూడా ఒక కోరుకొండ ఉంది, లక్ష్మీనరసింహస్వామి కొండ ఉన్న ఊరు. బస్టాండులో "కోరుకొండ" అని అడిగితే ఆ బస్సే ఎక్కిస్తారు. స్వామి దర్శనం మంచిదే గానీ స్కూలు అక్కడ లేదు. విజయనగరం అని చెప్పండి. కోనసీమ వాళ్లయితే రాజమండ్రి వచ్చి రైలెక్కి, విశాఖ మీదుగా వెళ్లాలి.

కావాల్సినవి

ఇంటి దగ్గర సాధనకి పెద్దగా ఖర్చు లేదు:

- ఒక జత నల్ల లేసు బూట్లు, ఒక జత తెల్ల కాన్వాస్ బూట్లు, నూలు మేజోళ్లు
- నల్ల పాలిష్ డబ్బా, బ్రష్షు, పాత నూలు బనియన్ ముక్క, కాస్త దూది
- సూది, దారం, నాలుగు రకాల గుండీలు
- బట్టల సబ్బు, ఒక బకెట్టు, మగ్గు
- దోమతెర, దుప్పటి, తలగడ
- గంట కొట్టే గడియారం (ఫోను కాదు)
- నూరు పేజీల నోటుపుస్తకం
- ఆరు వారాల సమయం

ఆరు వారాలు లేకపోతే నాలుగైనా ఫరవాలేదు. రెండే ఉంటే 1, 2, 3, 6 చేయండి చాలు.

1. లేపడం మానేయండి

మొదటి పని ఇదే, అన్నిటికంటే కష్టమైందీ ఇదే. కష్టం పిల్లాడికి కాదు, తల్లికి. గడియారం వాడి మంచానికి నాలుగడుగుల దూరంలో పెట్టండి, లేచి వెళ్లి ఆపాల్సి రావాలి. మొదటి వారం 6 గంటలకి, తర్వాత వారం 5:30కి, మూడో వారం నుంచి 5కి. రాత్రి పడుకునే సమయం కూడా అంతే ముందుకు జరగాలి, 9:30 దాటకూడదు. ఇది మరిచిపోయి పొద్దున్న మాత్రం లేపేస్తే నాలుగో రోజుకి పిల్లాడు మంచం పట్టేస్తాడు.

జరిగే పొరపాటు: గడియారం మోగుతుంది, వాడు కదలడు, అమ్మమ్మ వచ్చి "పాపం పడుకోనీయండర్రా" అంటుంది. అమ్మమ్మకి ముందే చెప్పి ఉంచండి.

సరిచూసుకోవడం: వరసగా ఏడు రోజులు ఎవరూ పిలవకుండా లేస్తే వచ్చినట్టు. ఆరు రోజులు లేచి ఆదివారం లేవకపోతే మళ్లీ ఒకటి నుంచి లెక్క.

2. ఆరు నిమిషాల స్నానం, తన బట్టలు తను

ఇరవై మందికి నాలుగైదు కుళాయిలున్న చోట వాడు స్నానం చేయాలి. మన కాలువ రేవులో గంటసేపు ఈదులాడే అలవాటు అక్కడ సాగదు. ఒకటిన్నర బకెట్టు, ఆరు నిమిషాలు. చలికాలమైనా చన్నీళ్లే.

తర్వాత తన బనియను, డ్రాయరు, మేజోళ్లు తనే ఉతుక్కోవాలి. పెద్ద బట్టలు చాకలికి వెళ్తాయి గానీ ఇవి చాలా చోట్ల పిల్లలవే. మేజోడు తిరగేసి మడమ దగ్గర సబ్బు పెట్టి రుద్దడం చూపించండి, పిల్లలు పైపైన ముంచి ఆరేసేస్తారు. ఆరాక వాసన చూడండి, అదే పరీక్ష.

మనది తేమ నేల, వానాకాలం కాలివేళ్ల మధ్య చర్మం తడికి నాని ఒరవడం మనకి కొత్త కాదు. అక్కడ రోజులో చాలాసేపు కాలు బూటులోనే ఉంటుంది కాబట్టి ఇంకా తొందరగా ఒరుస్తుంది. స్నానమయ్యాక వేళ్ల సందులు ఒక్కొక్కటీ తుడుచుకునే అలవాటు ఇప్పుడే చేయండి. తడి మేజోడు వేసుకోకూడదని ఒట్టు పెట్టించుకోండి.

3. బూట్లు: కట్టడం, అలవాటు చేయడం, మెరిపించడం

కొత్త బూట్లు చేరే రోజు కొంటే మొదటి పీటీకే మడమ బొబ్బ. మూడు వారాల ముందు కొనండి. సాయంత్రం పూట కొనండి, పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. మేజోడు వేసి తొడిగితే బొటనవేలి ముందు అడ్డంగా ఒక వేలు పట్టాలి. "పెరిగే పిల్లాడు కదా" అని రెండు సైజులు పెద్దవి కొంటారు చాలామంది. ఆ బూట్లతో కుడి ఎడమ నడిస్తే టపాటపా చప్పుడొచ్చి వరసంతా నవ్వుతుంది. మొదటి మూడు రోజులు అరగంట, తర్వాత గంట, అలా పెంచుతూ తొడిగించండి.

లేసు కళ్లు మూసుకుని కట్టగలగాలి. ఎగతాళికి అనడం లేదు, తెల్లారగట్ల కరెంటు పోయిన రోజు తెలుస్తుంది.

ఇక పాలిష్. దీని మీద కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నాకు ఇష్టం. ముందు బ్రష్షుతో దుమ్ము దులపాలి, అంచుల్లో మట్టిని పాత టూత్‌బ్రష్షుతో తీయాలి. దుమ్ము మీద పాలిష్ రాస్తే గీతలు పడతాయి. బనియన్ గుడ్డ చూపుడువేలికి బిగించి చుట్టి, పాలిష్‌లో తాకీ తాకనట్టు అద్ది, బూటు ముందు భాగం మీద రూపాయి బిళ్లంత సున్నాలు చుట్టుకుంటూ పోవాలి. మొదట మసకేసినట్టు అవుతుంది, కంగారు పడొద్దు. అయిదు నిమిషాలు ఆరనిచ్చి బ్రష్షుతో కొట్టాలి. అప్పుడు దూదికి ఒక్క చుక్క నీళ్లు అద్ది, మళ్లీ చిటికెడు పాలిష్, మళ్లీ సున్నాలు, ఈసారి చెయ్యి తేలిగ్గా. మూడో పొరకి మెరుపు లోపలి నుంచి పైకొస్తుంది. తొందరపడి ముద్దగా రాస్తే ఎండలోకి వెళ్లగానే పగుళ్లిస్తుంది. నీళ్లు ఎక్కువైతే తెల్ల మచ్చలు. అప్పుడు మొత్తం పొడి గుడ్డతో తుడిచి మొదటి నుంచి మొదలెట్టడమే.

సరిచూసుకోవడం: బూటు ముక్కు దగ్గర వేళ్లు పెడితే ఎన్ని వేళ్లో లెక్కపెట్టగలగాలి. తెల్ల చేతిరుమాలుతో రుద్దితే నలుపు అంటకూడదు. చేతిరుమాలు నల్లబడితే పాలిష్ ఎక్కువైనట్టు.

4. మంచం, దోమతెర, గుండీ

దుప్పటి ముడత లేకుండా పరిచి అంచులు పరుపు కిందకి మడవడం, కప్పుకునేది నాలుగు మడతలు పెట్టి తల వైపు ఉంచడం. రోజూ లేచిన పది నిమిషాల్లో అయిపోవాలి. దోమతెర విషయంలో మన పిల్లలు ముందే ఉంటారనుకుంటాం గానీ, కట్టేది నాన్నే. నాలుగు మూలలూ తనే కట్టాలి, పొద్దున్నే విప్పి మడవాలి. గుండీ కుట్టడం మగపిల్లాడికెందుకు అన్నవాళ్లున్నారు. తనిఖీలో గుండీ లేని చొక్కాతో నిలబడితే ఎందుకో వాడికే తెలుస్తుంది.

5. తిండి

ఇక్కడ మీరు గుండె రాయి చేసుకోవాలి. మూడు పూటలా అన్నం, ముద్దపప్పు, ఆవకాయ, గడ్డపెరుగు తిని పెరిగినవాడికి చపాతీ, రాజ్మా, బ్రెడ్డు, ఉడికించిన గుడ్డు పెడతారు. చారు మనలా ఉండదు. దేశమంతటి పిల్లలకి కలిపి వండే వంట అది. వారంలో మూడు రాత్రులు ఇంట్లో చపాతీ పెట్టండి. కాకర, బెండ, సొర ఏదైనా సరే పళ్లెంలో పడ్డది వదలకూడదు. ఇరవై నిమిషాల్లో లేవాలి. చెంచా, ఫోర్కు పట్టుకోవడం కూడా నేర్పండి, మెస్సులో వాటితోనే తినమంటారు. అన్నం చెంచాతో తింటే కడుపు నిండదని మా నాయనమ్మ వాదించేది. నిజమే, మొదటి నెల నిండలేదు.

జరిగే పొరపాటు: వెళ్లే వారం రోజులూ రోజుకో రకం వండి పెట్టడం. పులస కాలమైతే పులస, లేకపోతే రొయ్యలు, పనస పొట్టు కూర, బొబ్బట్లు. అదే నాలిక మీద పెట్టుకుని మెస్సులోకి వెళ్తే మొదటి ముద్ద దిగదు. విందు పది రోజుల ముందే ముగించండి.

ట్రంకులో తినుబండారాలు దాచి పంపకండి. మా అమ్మ నా బట్టల మడతల్లో తాపేశ్వరం కాజాలు పెట్టింది, ఎవరికీ తెలియకుండా తినమని. మూడో రోజుకి పాకం కారి, తెల్ల పీటీ నిక్కరుకి పట్టి, చీమలు బారులు తీరి ట్రంకు నుంచి గుమ్మం దాకా కవాతు చేశాయి. హాలంతటికీ ఆ ఆదివారం ఆట పోయింది. నా పేరు చాన్నాళ్లు "కాజా"యే.

6. గొంతు విప్పడం

గోదావరి పిల్లల గుర్తు మాటకి ముందో వెనకో "అండి", ఔననడానికి "ఆయ్". అక్కడ "ఎస్ సార్", "నో సార్". ఒక మావాడు మొదటి రోజు ఆఫీసరు గారు పేరడిగితే "ఆయ్, చెప్తానండి సార్" అన్నాడట. నవ్వేసి ఊరుకున్నారు, మంచివారు. మర్యాద పోగొట్టుకోమని కాదు, సూటిగా చెప్పడం రావాలని. కళ్లలోకి చూసి, పదడుగుల దూరం వినపడేలా, పేరు, తరగతి, ఊరు. సాయంత్రం పెరటి ఈ చివర మీరు నిలబడి ఆ చివర వాణ్ణి నిలబెట్టి చెప్పించండి. రెండోసారి అడగకుండా వినపడితే వచ్చినట్టే.

డ్రిల్లు మాటలు హిందీలో ఉంటాయి. అర్థం ముందే తెలిస్తే సగం భయం పోతుంది: సావ్‌ధాన్ అంటే నిటారుగా కదలకుండా నిలబడటం, విశ్రామ్ అంటే కాళ్లు ఎడం చేసి నిలబడటం, దాహినే ముడ్ కుడికి తిరగడం, బాయే ముడ్ ఎడమకి, పీఛే ముడ్ వెనక్కి, తేజ్ చల్ అంటే నడక మొదలు, థమ్ అంటే ఆగు. నడక ఎప్పుడూ ఎడమకాలితోనే మొదలవుతుంది. మాటలు చెప్పి వదిలేయండి, కవాతు మీరు నేర్పొద్దు. తప్పుగా పడ్డ అలవాటు మాన్పడం వాళ్లకి రెట్టింపు పని.

7. చదువు: తెలుగులో రాసి, ఇంగ్లీషులో చదవాలి

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఆరో తరగతి ప్రవేశ పరీక్ష తెలుగులోనూ రాయొచ్చు, పాఠాలు మాత్రం ఇంగ్లీషులో. తెలుగు మీడియం నుంచి వెళ్లినవాడికి లెక్క వచ్చు, లెక్క అడిగే భాష రాదు. ఆ నూరు పేజీల నోటుపుస్తకం దీనికే. ఎడమ వైపు తెలుగు, కుడి వైపు ఇంగ్లీషు మాట తెలుగు లిపిలో, పక్కనే ఇంగ్లీషు అక్షరాల్లో. భిన్నం: ఫ్రాక్షన్. క.సా.గు: ఎల్‌సీఎం. గ.సా.భా: హెచ్‌సీఎఫ్. లవం: న్యూమరేటర్. హారం: డినామినేటర్. చుట్టుకొలత: పెరిమీటర్. వైశాల్యం: ఏరియా. రోజుకి పది చొప్పున ఆరు వారాల్లో నాలుగొందలు. పాత లెక్కల పుస్తకంలోవి ఇంగ్లీషు ప్రశ్నలుగా ఇచ్చి, చేయించడం కాదు, చదివి అర్థం చెప్పించండి.

స్కూలు అసలు ఉద్దేశం పిల్లల్ని పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో, కాబోయే సైనిక అధికారులకి శిక్షణ ఇచ్చే నేషనల్ డిఫెన్స్ అకాడమీకి సిద్ధం చేయడం. పన్నెండో తరగతి దగ్గర యూపీఎస్సీ రాతపరీక్ష, తర్వాత సైన్యం వాళ్ల ఎంపిక బోర్డు (ఎస్‌ఎస్‌బీ) ఇంటర్వ్యూ ఉంటాయి. అందులో నెగ్గనివాళ్లు ఇంజనీర్లు, డాక్టర్లు, నాలాంటి బడిపంతుళ్లు అవుతారు. "సైన్యంలోకి వెళ్లకపోతే పరువు పోతుంది" అని పదేళ్లవాడి నెత్తిన ఇప్పుడే పెట్టకండి.

8. ఒళ్లు

కాలువ గట్టు మీద తెల్లవారాక, మసక చీకట్లో కాదు. గడ్డిలో పురుగూ పుట్రా ఉంటాయి, రోడ్డు మీద ఇసుక లారీలుంటాయి. మొదటి వారం పది నిమిషాలు, నాలుగడుగులు నడక, నాలుగడుగులు పరుగు. వారానికి మూడు నాలుగు నిమిషాలు పెంచండి. పరిగెడుతూ ఏడో ఎక్కం చెప్పగలిగితే వేగం సరిగ్గా ఉంది, చెప్పలేకపోతే తగ్గించాలి. బరువులు, జిమ్ము ఈ వయసుకి వద్దు. కాలువలో ఈత వచ్చినవాళ్లు "నాకు ఈతొచ్చు" అని అనుమతి లేకుండా నీళ్లలోకి దిగకూడదని గట్టిగా చెప్పండి.

ఊళ్లో మాజీ సైనికులెవరైనా ఉంటే వాడితో ఒక సాయంత్రం కూర్చోబెట్టండి. తాడేపల్లిగూడెం దగ్గరున్న వాళ్లకి మిలిటరీ మాధవరం ఉండనే ఉంది, ఇంటికొకరు సైన్యంలో చేసిన ఊరు. నేను చెప్పే పది మాటలకంటే అక్కడ అరుగు మీద కూర్చుని వినే ఒక్క పూట నయం.

9. చెప్పుకోవాల్సినవి చెప్పడం

క్రమశిక్షణ వేరు, హింస వేరు. సీనియరు "బూట్లు తుడుచుకో" అనడం క్రమశిక్షణ. "నా బూట్లు తుడు, లేకపోతే కొడతా" అనడం కాదు. ఈ తేడా పిల్లాడికి ఇంట్లోనే, భయపెట్టకుండా, మామూలు మాటల్లో చెప్పండి. ఎవరికి చెప్పాలో వరస కూడా: హౌస్ మాస్టరు (వాడుండే హాస్టలు చూసే మాస్టరు), మేట్రను (అక్కడ పిల్లల బాగోగులు చూసే ఆవిడ), ప్రిన్సిపాల్, అమ్మానాన్నలు. ఫోన్లో పక్కన ఎవరైనా ఉంటే చెప్పలేడు కాబట్టి ఒక గుర్తు మాట పెట్టుకోండి. మా ఇంట్లో అది "దూడ ఈనిందా?" అని ఉండేది. దూడ ఈనదు కాబట్టి మరో అర్థం రాదు. ఆ మాట వినపడితే నెల దాకా ఆగకుండా వెళ్లాలి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఎప్పుడూ ఉంటుంది, అదీ కంఠతా పట్టించండి.

జ్వరం దాచకూడదు. ఆట తప్పుతుందని, పిరికివాడంటారని పిల్లలు దాచేస్తారు. ఒళ్లు వెచ్చబడగానే వైద్యం గదికి వెళ్లాలి, దాన్ని అక్కడ ఎంఐ రూమ్ అంటారు.

10. ఒక ఆదివారం రిహార్సలు

వెళ్లే రెండు వారాల ముందు ఒక రోజంతా గంట ప్రకారం నడపండి. 5కి లేవడం, 5:30కి పరుగు, స్నానం, 7:30కి టిఫిను, ఒంటిగంట దాకా చదువు, భోజనం, గంట విశ్రాంతి, 4:30కి ఆట, 6:30 నుంచి 8 దాకా కూర్చుని చదవడం, భోజనం, 9:30కి దీపం ఆర్పడం. టీవీ, ఫోను లేవు. మీరు గుర్తు చేయకూడదు, సాయం చేయకూడదు, ఒక కాగితం మీద రాసుకోండి అంతే. ఎక్కడెక్కడ "అమ్మా!" అని పిలిచాడో లెక్కపెట్టండి. అయిదు కంటే తక్కువైతే బాగున్నాడు. ఎక్కువైతే దేనికి పిలిచాడో చూసి, మిగిలిన రెండు వారాలూ ఆ పనే చేయించండి.

11. గేటు దగ్గర, ఆ తర్వాత

ట్రంకు వాడే సర్దాలి. ఏది ఎక్కడుందో చూడకుండా చెప్పగలగాలి. ప్రతి గుడ్డ మీదా స్కూల్లో వాడికిచ్చిన నంబరు చెరగని సిరాతో రాయండి. నంబరు లేని ఒక్క తువ్వాలు కూడా వెనక్కి రాదు.

గేటు దగ్గర మేనమామ, బాబాయి, పిన్ని, పెదనాన్న అంతా వద్దు. ఇద్దరు చాలు. మంచం చూపించాక అరగంటలో బయల్దేరిపోండి. "ఇంకోసారి చూసి వస్తా" అని వెనక్కి వెళ్లే తండ్రులుంటారు, ఆ రెండోసారి చూపుతో పిల్లాడికి మళ్లీ మొదటి నుంచి మొదలు. ఏడుపు వస్తే రైల్లో ఏడవండి, విశాఖ దాకా ఎవరూ ఏమీ అనరు.

ఫోను చేసే రోజు అడగకూడని ప్రశ్న "ఏడుస్తున్నావా నాన్నా?" ఆ మాటతో ఏడవనివాడూ ఏడుస్తాడు. అడగాల్సినవి: "ఈ వారం ఏ ఆట ఆడావు? పక్క మంచం అబ్బాయి పేరేంటి? మేజోళ్లు ఆరుతున్నాయా?" ఇంట్లో గొడవలు, ఆవు చనిపోయిన సంగతి మొదటి నెలలో చెప్పకండి. వారానికొక ఉత్తరం రాయండి. చిన్నదైనా సరే, కాలువకి నీళ్లు వదిలారని, కొబ్బరి దింపు అయిందని. ఫోను పెట్టేస్తే పోతుంది, ఉత్తరం తలగడ కింద ఉంటుంది.

మొదటి సెలవులకి వచ్చినప్పుడు మార్కులు అడగకముందు పాదాలు చూడండి. వేళ్ల సందుల్లో ఒరపు లేకపోతే, మడమ బొబ్బలు మానిపోయి ఉంటే, ట్రంకులో తువ్వాళ్లు వెళ్లినన్నీ ఉంటే వాడు కుదురుకున్నాడు. తువ్వాళ్లు తగ్గితే అరవకండి. రెండు కొనిచ్చి, నంబరు వాడి చేతే రాయించండి.